గ్రాండ్ టెస్టులో 640, అసలు పరీక్షలో 505

పోటీ పరీక్షకు చదివే పిల్లలకు రెండు రకాల మార్కులుంటాయి. ఒకటి కాలేజీలో వారం వారం రాసే టెస్టుల్లో వచ్చేది, రెండోది అసలు పరీక్షలో వచ్చేది. రెండూ కాస్త అటూ ఇటుగా కలిస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. మొదటిది ఎక్కడో ఉండి రెండోది మరెక్కడో పడితే మాత్రం ఇల్లంతా కలవరపడుతుంది. చదవకుండా మార్కులు పోగొట్టుకున్న పిల్లవాడి బాధ వేరు. ఏడాదంతా చదివి, ప్రతి టెస్టులోనూ మంచి మార్కులు తెచ్చుకుని, ఆ ఒక్క పూట జారిపోయినవాడి బాధ వేరు. అలాంటి పిల్లవాడికి తన చదువు మీదే నమ్మకం పోతుంది. ఇంట్లోవాళ్లకు పాత మార్కుల మీద అనుమానం మొదలవుతుంది. "ఇన్నాళ్లూ చూసి రాశావా ఏంటి?" అనే మాట కూడా కొన్ని ఇళ్లలో పైకి వస్తుంది. నిజానికి చాలాసార్లు ఆ రెండు మార్కులూ నిజమైనవే. ఒక్కో మార్కు ఒక్కో సంగతిని కొలిచింది, అంతే.

దిగువ కృష్ణా డెల్టాలో ఈ సమస్య తెలియని ఊరు లేదు. పామిడిముక్కల మండలంలోని మేడూరు, లంకపల్లి, వీరంకిలాకు మొదలు గుడివాడ, అవనిగడ్డ, మచిలీపట్నం పరిసరాల దాకా, పదో తరగతి పూర్తయిన పిల్లల్లో చాలామంది విజయవాడ చుట్టుపక్కల హాస్టల్ కాలేజీల్లో చేరుతున్నారు. అక్కడి చదువంతా వీకెండ్ టెస్టు చుట్టూ తిరుగుతుంది. మార్కులు తల్లిదండ్రుల ఫోన్‌కు మెసేజ్‌గా వస్తాయి. రెండేళ్లపాటు ఇంటికీ పిల్లలకూ మధ్య నడిచే మాటల్లో సగం ఆ మెసేజ్ గురించే ఉంటాయి. అందుకే ఆ అంకె కుటుంబం ఆశకు కొలమానమైపోతుంది.

2025 మే 4న జరిగిన వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ ఈ తేడాను దేశమంతటికీ ఒకేసారి చూపించింది. ఆ ఏడాది ఫిజిక్స్ విభాగం చాలా కష్టంగా వచ్చింది. లెక్కలు పొడుగ్గా ఉండటంతో ఎంతోమందికి సమయం చాలలేదు. జూన్ 14న ఫలితాలు వచ్చేసరికి మొదటి ర్యాంకు విద్యార్థికి 720కి 686 మార్కులే ఉన్నాయి. దేశం మొత్తమ్మీద 650 దాటినవాళ్లు 73 మంది. 600 దాటినవాళ్లందరినీ కలిపినా సుమారు 1,300 మంది. పరీక్ష రాసినవాళ్లేమో 22 లక్షలకు పైనే. అంతకు ముందు ఏడాది, అంటే 2024లో, 650 దాటినవాళ్లు దాదాపు 30 వేల మంది, 600 దాటినవాళ్లు 80 వేలకు పైగా ఉన్నారు. 2025 పిల్లలు 2024 మార్కులను లక్ష్యంగా పెట్టుకుని, ఆ స్థాయి పేపర్లతోనే తయారయ్యారు. కాలేజీలో పూర్తి సిలబస్‌తో పెట్టే గ్రాండ్ టెస్టుల్లో 640 వస్తుంటే సీటు ఖాయమన్న లెక్కతో పరీక్షకు వెళ్లారు. బయటికి వచ్చి కీ చూసుకున్న రాత్రి, ఎన్నో ఇళ్లలో ఆ లెక్క తప్పింది.

ఇక్కడ మొదట గ్రహించాల్సింది మార్కు వేరు, స్థానం వేరు అన్న సంగతి. 2024లో యాభై వేల ర్యాంకు రావాలంటే 600కూ 650కీ మధ్య ఎక్కడో మార్కులుండాలి. 2025లో అదే ర్యాంకుకు 500 పైచిలుకు సరిపోయింది. జనరల్ కేటగిరీ అర్హత మార్కు కూడా 2024లో 162 ఉంటే 2025లో 144కు దిగింది. అంటే 2025లో 505 తెచ్చుకున్న అమ్మాయి, ముందటేడు 620 తెచ్చుకున్న సీనియర్ కంటే వెనకబడిందని చెప్పడానికి లేదు. కానీ ఫలితం వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ ర్యాంకు వైపు చూడరు, 505ను 640 పక్కన పెట్టి చూస్తారు. ఆ పోలికలోనే తప్పుంది. పేపరు మారినప్పుడు మార్కును మార్కుతో పోల్చకూడదు, స్థానాన్ని స్థానంతో పోల్చాలి. కాలేజీ టెస్టులో ఆ పిల్ల తన క్యాంపస్‌లో ఎన్నో స్థానంలో ఉండేది, ఇప్పుడు అదే క్యాంపస్‌వాళ్లలో ఎన్నో స్థానంలో ఉంది అని చూస్తే చాలా ఇళ్లలో సగం ఏడుపు ఆగిపోయేది.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లో ఈ పోలిక ఇంకా చిక్కుగా ఉంటుంది. అక్కడ 300 మార్కుల పేపరు అనేక షిఫ్టుల్లో జరుగుతుంది. ఒక్కో షిఫ్టు కష్టం ఒక్కోలా ఉంటుంది కాబట్టి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ ఇచ్చేది పర్సంటైల్. ఆ షిఫ్టు రాసినవాళ్లలో మనతో సమానంగా గానీ తక్కువగా గానీ మార్కులు తెచ్చుకున్నవాళ్లు నూటికి ఎంతమందో చెప్పే అంకె అది. 95 పర్సంటైల్ అనగానే నూటికి 95 మార్కులు వచ్చినంత సంబరం కొందరికి కలుగుతుంది. 2025లో రెండు సెషన్లు కలిపి పరీక్ష రాసినవాళ్లు సుమారు 14.75 లక్షలు. ఆ లెక్కన 95 పర్సంటైల్ అంటే ముందు ఇంకా డెబ్బై వేలమందికి పైగా ఉన్నట్టు. ఆంధ్రప్రదేశ్ సొంత ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ పద్ధతి వేరు. 160 బిట్లు, 160 మార్కులు, తప్పు రాస్తే కోత లేదు. పైగా ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. కాబట్టి ఒకే విద్యార్థికి ఒక్కో పరీక్షలో ఒక్కో రకం ఫలితం రావడంలో వింతేమీ లేదు.

పేపరు కష్టంగా రావడం ఒక్కటే ఈ తేడాకు కారణమైతే అందరికీ సమానంగా తగ్గాలి. అలా జరగదు. ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన ఇద్దరిలో ఒకరికి నలభై తగ్గితే మరొకరికి నూట ముప్పై తగ్గుతాయి. దీనికి కారణం తయారైన తీరులో ఉంది. వీకెండ్ టెస్టు ఎలా జరుగుతుందో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సోమవారం రొటేషనల్ మోషన్ మొదలుపెడతారు. శుక్రవారం దాకా అదే అధ్యాయం, సాయంత్రం స్టడీ అవర్స్‌లో అదే మెటీరియల్‌లోని బిట్లు. ఆదివారం టెస్టులో అదే అధ్యాయం నుంచి ప్రశ్నలు. ప్రశ్న చూడగానే ఏ సూత్రం వాడాలో ఆలోచించే పనే లేదు, వారమంతా వాడిన సూత్రమే. అసలు పరీక్షలో ప్రశ్న మీద అధ్యాయం పేరు రాసి ఉండదు. ఇది శక్తి నిత్యత్వంతో తేలేదా, టార్క్‌తో తేలేదా అని తేల్చుకోవడమే అక్కడ మొదటి పని. ఆ పని పిల్లవాడు వీకెండ్ టెస్టుల్లో చేయనేలేదు.

దీన్ని ప్రయోగంలో కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం అలాంటిది. కొందరు విద్యార్థులకు ఘనపరిమాణం లెక్కలు ఒక్కో రకాన్నీ వరసగా ఇచ్చి చేయించారు. ఇంకొందరికి అన్ని రకాలూ కలగలిపి ఇచ్చారు. ప్రాక్టీసు చేసేటప్పుడు వరసగా చేసినవాళ్లు నూటికి 89 లెక్కలు సరిగ్గా చేశారు, కలగలిపి చేసినవాళ్లు 60 మాత్రమే చేశారు. వారం తర్వాత పరీక్ష పెడితే తారుమారైంది. వరసవాళ్లకు 20 శాతం, కలగలుపువాళ్లకు 63 శాతం. ప్రాక్టీసులో ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టిన పద్ధతే పరీక్షలో ముంచింది. వీకెండ్ టెస్టు మార్కులు చూసి మురిసిపోయే ప్రతి ఇంట్లోనూ ఈ రెండు జతల అంకెలు గుర్తుండటం మంచిది.

దీనికి తోడు మెటీరియల్ సంగతి ఒకటి ఉంది. ఏ సంస్థ టెస్టులైనా చాలావరకు ఆ సంస్థ ప్రశ్నల నిధిలోంచే వస్తాయి. పాత బిట్టే అంకెలు మారి మళ్లీ వస్తుంది. రెండేళ్లు అక్కడే చదివిన పిల్లవాడికి ఆ బిట్లు మొహం చూసి గుర్తుపట్టగలిగినంత పరిచయమవుతాయి. గుర్తుపట్టడాన్ని తెలిసి ఉండటంగా పొరబడటం మనిషి మనసుకు సహజం. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్నే చూపించారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. తమకు బాగా గుర్తుంటుందని గట్టిగా నమ్మింది మాత్రం మళ్లీ మళ్లీ చదివినవాళ్లే.

ఇంకో సంగతి ఇంట్లోవాళ్లు పెద్దగా గమనించరు. పిల్లవాడి స్థాయి అని అందరూ చెప్పుకునే అంకె చాలాసార్లు వాడి సగటు మార్కు కాదు, వాడికి వచ్చిన అతి మంచి మార్కు. ఇరవై టెస్టుల్లో 560 నుంచి 650 దాకా వచ్చి ఉంటాయి. చుట్టాలకు చెప్పింది 650. అమ్మకు గుర్తున్నదీ 650. ఒకసారి బాగా ఎక్కువ వచ్చినవాళ్లకు మరుసటిసారి సగటు వైపు దిగిరావడం గణాంక శాస్త్రంలో ఎప్పటినుంచో తెలిసిన విషయం. తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులు కొలిచి ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే దీన్ని వివరించాడు. సగటు 600 ఉన్న విద్యార్థికి కష్టమైన పేపర్లో 520 రావడం తగ్గుదలే. అయితే అది 650 నుంచి పడినంత పెద్ద పతనం కాదు.

పరీక్ష పూట జరిగేదీ తక్కువేమీ కాదు. నీట్ మధ్యాహ్నం 2 గంటలకు మొదలై 5 దాకా జరుగుతుంది, గేటు ఒకటిన్నరకే మూసేస్తారు. మే నెల ఎండలో పొద్దున్నే ఊళ్లో బస్సెక్కి, తెలియని పట్టణంలో సెంటరు వెతుక్కుని, తనిఖీ క్యూలో నిలబడి, చేతికి వాచీ లేకుండా గోడ గడియారం చూసుకుంటూ రాయాలి. క్యాంపస్‌లో టెస్టు రాసింది మాత్రం ప్రతిరోజూ కూర్చునే బెంచీలో, తెలిసిన ఇన్విజిలేటర్ ముందు. అక్కడ ఓఎంఆర్ బబ్లింగ్ పొరపాటైతే వచ్చే ఆదివారం సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ పెన్నుతో నింపిన గడి నింపినట్టే.

కంగారు కూడా ఉత్త మనసు సంగతిగా తీసిపారేయదగ్గది కాదు. లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చే విలువలను కాసేపు పట్టి ఉంచుకునే చోటు ఒకటి బుర్రలో ఉంటుంది, దాని విస్తీర్ణం చిన్నది. "ఇది రాకపోతే ఏమవుతుంది, నాన్నకు ఏం చెప్పాలి" అన్న ఆలోచన దాంట్లో చోటు ఆక్రమిస్తే లెక్కకు మిగిలే చోటు తగ్గుతుంది. అందుకే కంగారులో ముందు దెబ్బతినేది ఫిజిక్స్, ఫిజికల్ కెమిస్ట్రీ. బయాలజీ అంతగా దెబ్బతినదు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రామిరెజ్, బైలాక్ 2011లో ఒక ప్రయోగం చేశారు. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న కంగారు పిల్లలకు మార్కులు మెరుగయ్యాయి. తర్వాత ఇలాంటి ప్రయోగాలన్నిట్లో ఒకే ఫలితం రాలేదు. అయినా ఖర్చు లేని పని, గ్రాండ్ టెస్టుల్లో ఒకటి రెండుసార్లు చేసి చూడటంలో నష్టం లేదు.

ఫలితం వచ్చిన తర్వాతి వారం చాలా సున్నితమైనది. ఆ వారంలో పిల్లలకు నిద్ర, తిండి, తోడు కావాలి. మరో ఏడాది చదివించే లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపాలా, ఏదో ఒక కాలేజీలో చేర్చాలా అన్న నిర్ణయం ఆ నాలుగు రోజుల్లో తీసుకోవాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. కౌన్సెలింగ్ తేదీలు ఆ తర్వాతే వస్తాయి. తల్లిదండ్రులు చేయాల్సిన మొదటి పని ఫోన్లకు తామే జవాబు చెప్పడం. "ఎన్నొచ్చాయమ్మా మీవాడికి?" అని పిన్నిగారు అడిగితే, "వచ్చాయి పిన్నిగారూ, ర్యాంకు చూసుకుని మేమే చెబుతాం" అని నాన్నో అమ్మో చెప్పేస్తే పిల్లవాడు అదే సమాధానం పదిమందికి చెప్పే బాధ తప్పుతుంది. పక్కింటి అబ్బాయి మార్కులు ఆ వారం ఇంట్లో ఎత్తకపోతే మంచిది. "నీకోసం ఎంత ఖర్చు పెట్టాం" అన్న మాట అసలే వద్దు. ఖర్చు సంగతి పిల్లలకు తెలియక కాదు. కౌలు పొలం మీద తీసుకున్న అప్పు ఎంతో హాస్టల్లో ఉన్న పిల్లకు పైసాతో సహా తెలుసు. ఆ బరువు మోస్తూనే పరీక్ష హాల్లోకి వెళ్లింది.

బాధపడటం సహజం, రెండు మూడు రోజులు గది తలుపు వేసుకుని పడుకోవడమూ సహజమే. కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. రోజుల తరబడి నిద్రపోకపోవడం, తిండి మానేయడం, తన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం, "నేను లేకపోతే మీకు ఈ బాధ ఉండదు" వంటి మాటలు అలాంటి గుర్తులు. అప్పుడు పిల్లలను ఒంటరిగా వదలకూడదు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, ప్రేమగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు.

ఈ బాధ్యత ఇంటి ఒక్కదానిదే కాదని దేశ అత్యున్నత న్యాయస్థానం స్పష్టంగా చెప్పింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. అవి కోచింగ్ కేంద్రాలకూ, హాస్టళ్లకూ వర్తిస్తాయి. వందమంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలి. వీకెండ్ టెస్టు మార్కులను బట్టి సెక్షన్లు మార్చే అలవాటు ఎంత మామూలైపోయిందో తెలిసినవాళ్లకు ఈ మాటల బరువు అర్థమవుతుంది. పిల్లలను చేర్పించేటప్పుడు మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరు, ఎప్పుడు అందుబాటులో ఉంటారు అని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

మనసు కాస్త కుదుటపడ్డాక చేయాల్సిన పని, పరీక్షలో ఏ జవాబు పెట్టారో చూపే రెస్పాన్స్ షీటు ముందు పెట్టుకుని కూర్చోవడం. ఇది ఒక పూట పని. మొత్తం విషయంలో ఇంతకన్నా విలువైన పని మరొకటి లేదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. నీట్‌లో 180 బిట్లు, రైటుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. గ్రాండ్ టెస్టులో 162 రైటు, 8 తప్పు, 10 వదిలేసినవి అనుకుందాం. 648లోంచి 8 తీసేస్తే 640. అసలు పరీక్షలో 132 రైటు, 23 తప్పు, 25 వదిలేసినవి. 528లోంచి 23 పోతే 505. పోయింది 135 మార్కులు. ఇప్పుడు సబ్జెక్టుల వారీగా విడదీయాలి. బయాలజీలో 84 రైటు ఉండేవి 80 అయ్యాయి. కెమిస్ట్రీలో 40 ఉండేవి 31 అయ్యాయి. ఫిజిక్స్‌లో 38 ఉండేవి 21కి పడ్డాయి. తగ్గిన ముప్పై రైటు బిట్లలో పదిహేడు ఒక్క ఫిజిక్స్‌వే. "నాకేమీ రాదు" అని మూడు రోజులు ఏడ్చిన అమ్మాయికి 90లో 80 బయాలజీ బిట్లు కొత్త చోట, కష్టమైన పేపర్లో కూడా వచ్చాయని కాగితం మీద కనిపిస్తుంది.

అక్కడితో ఆగకూడదు. ఫిజిక్స్‌లో తప్పు పోయిన 12, వదిలేసిన 12 బిట్లను ఒక్కొక్కటే మళ్లీ చేయాలి, ఈసారి గడియారం లేకుండా. ప్రశాంతంగా కూర్చుంటే వచ్చేసినవి ఒక పక్క రాయాలి. అవి సమయానికీ కంగారుకూ పోయినవి. సూత్రం తెలిసీ ఎక్కడ వాడాలో తట్టనివి ఇంకో పక్క. అవి వారం వారం ఒకే అధ్యాయం చదివిన పద్ధతికి పోయినవి. పాఠమే రానివి మూడో పక్క. పిల్లలు ఆనవాయితీగా అన్నిటికీ "సిల్లీ మిస్టేక్స్" అని ఒకే పేరు పెట్టేస్తారు. ఆ పేరు వెనక మూడు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి, మూడింటికీ మందు వేరు. మొదటి రకం ఎక్కువగా ఉంటే పాఠాలు మళ్లీ చదవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మూడో రకం ఎక్కువగా ఉంటే ఎన్ని గ్రాండ్ టెస్టులు రాసినా లాభం లేదు.

కీ విషయంలో ఒక జాగ్రత్త. ప్రాథమిక కీలో తప్పుందనిపిస్తే ప్రశ్నకు 200 రూపాయలు కట్టి అభ్యంతరం తెలపవచ్చు, గడువు కొద్ది రోజులే. తుది కీ వచ్చాక మాత్రం అడగడానికి వీల్లేదు. జవాబులు మార్చడం గురించి కూడా ఒక అపోహ ఉంది. మొదట తట్టిందే రైటని సీనియర్లు చెబుతారు. జస్టిన్ క్రుగర్ బృందం 2005లో 1,561 మంది విద్యార్థుల జవాబు పత్రాలు పరిశీలిస్తే, మార్చిన జవాబుల్లో సగం తప్పు నుంచి రైటుకు వెళ్లాయి, నాలుగో వంతు మాత్రమే రైటు నుంచి తప్పుకు వెళ్లాయి. రైటును చెరుపుకున్న బాధ ఎక్కువకాలం గుర్తుంటుంది కాబట్టే ఆ నమ్మకం పోదు. జేఈఈ, ఈఏపీసెట్ కంప్యూటర్ మీద జరుగుతాయి కాబట్టి అక్కడ ఇది పనికొస్తుంది.

తర్వాతిది దారి ఎంచుకోవడం. జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, రెంటిలో మెరుగైన స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు. జనవరిలో పోయినవాళ్లకు ఏప్రిల్ ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయవచ్చు. నీట్‌కు 2022 నుంచి గరిష్ట వయసు పరిమితి లేదు. ఇంటికి దగ్గర్లో ఉన్న అవకాశాలూ చూడాలి. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 సీట్లతో మొదలైంది. నీట్ ర్యాంకు ఎంబీబీఎస్‌కు చాలకపోయినా పశువైద్యం ఉంది, గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. వ్యవసాయ డిగ్రీకి బాపట్లలో 1945 నాటి కళాశాల ఉంది. ఇంజినీరింగ్‌కు గుడ్లవల్లేరు మొదలు విజయవాడ దాకా ఈఏపీసెట్ ర్యాంకుతో చేరే కాలేజీలు చాలా ఉన్నాయి. పాడి మీద బతికే ఈ డెల్టాలో పశువైద్యుడి చదువు డాక్టరు చదువు దక్కక తీసుకున్న చదువుగా చూడటం అన్యాయం.

లాంగ్‌టర్మ్ నిర్ణయం డబ్బుతోనూ ముడిపడి ఉంది. నీట్ ఫలితాలు వచ్చే జూన్ నెల కాలువలకు నీళ్లు వదిలే వేళ, నారుమళ్లకూ దమ్ముకూ పెట్టుబడి కావాల్సిన వేళ. కోచింగ్ ఫీజు మొదటి వాయిదా సరిగ్గా అప్పుడే కట్టాలి. ఈ రెంటి మధ్య నలిగే రైతు ఇంట్లో మొహమాటానికి నిర్ణయం తీసుకోకూడదు. రెస్పాన్స్ షీటు చూసి తేల్చుకోవాలి. పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం మొదటి రెండు రకాలవైతే, పిల్లవాడికి తనకే మళ్లీ రాయాలని ఉంటే, ఇంకో ఏడాదికి అర్థం ఉంది. పాఠాలే రానివి సగానికి పైగా ఉంటే, లేదా ఇంట్లోవాళ్లకు తప్ప పిల్లవాడికి ఆసక్తి లేకపోతే, అదే ఏడాది అదే అలసటతో మళ్లీ గడుస్తుంది. ఏదైనా ఒక డిగ్రీ సీటు చేతిలో పెట్టుకోవడానికి కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు ఇచ్చి ఉంచడం తప్పు కాదు. అయితే చేరాక మానేస్తే ఫీజు, సర్టిఫికెట్లు ఎప్పుడు ఎలా తిరిగి ఇస్తారో ముందే కనుక్కోవాలి.

మళ్లీ రాయాలని తేల్చుకున్నవాళ్లు పాత పద్ధతినే ఇంకాస్త గట్టిగా చేస్తే పాత తేడాయే మళ్లీ వస్తుంది. మార్చాల్సింది ప్రాక్టీసు తీరు. వారంలో కనీసం ఒక పూట, చదివిన అధ్యాయాలన్నీ కలగలిపిన బిట్లు చేయాలి. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసే అలవాటు పెంచుకోవాలి. నెలకు ఒకటి రెండు పేపర్లు తమ సంస్థవి కాకుండా బయటివి, ముఖ్యంగా పాత సంవత్సరాల అసలు పేపర్లు రాయాలి. 2025 నీట్ పేపరు అందులో తప్పకుండా ఉండాలి. నీట్‌వాళ్లు మధ్యాహ్నం రెండింటికే కూర్చోవాలి, భోజనం చేసిన మత్తులో మెదడు ఎలా పనిచేస్తుందో ముందే తెలియాలి. కూర్చునే చోటు మార్చాలి. ఎప్పుడైనా ఒకసారి చప్పుడు ఉన్న గదిలో, ఫ్యాను లేని గదిలో రాయాలి. కష్టమైన పేపరు వస్తే ఏం చేయాలో కూడా అభ్యసించాలి. ఒక బిట్టుకు రెండు నిమిషాలు దాటితే వదిలేసి ముందుకు పోవడం అందరికీ చెప్పే సలహాయే, టెస్టులో చేసి చూసినవాళ్లకే అది పరీక్షలో చేతనవుతుంది.

మార్కులు రాసుకునే పద్ధతి కూడా మారాలి. ఇంటికి చెప్పే అంకె చివరి ఎనిమిది బయటి పేపర్ల సగటు కావాలి. ఆ ఎనిమిదింటిలో అతి తక్కువ మార్కు ఎంతో పక్కనే రాసి ఉంచాలి. అసలు పరీక్ష మార్కు సాధారణంగా ఆ రెండు అంకెల చుట్టుపక్కలే వస్తుంది. కౌన్సెలింగ్‌లో పెట్టాల్సిన కాలేజీల జాబితాను సగటుకు ఒకటి, అతి తక్కువ మార్కుకు ఒకటి చొప్పున ఏప్రిల్‌లోనే తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుని రెండు జాబితాలుగా తయారు చేసుకోవచ్చు. అప్పుడు ఫలితం ఏ వైపుకు వచ్చినా మరుసటి రోజు చేయాల్సిన పని కాగితం మీద సిద్ధంగా ఉంటుంది.